థర్మాకోల్ వ్యర్థానికి కాంక్రీటులో చోటెంత?

కావలి నుంచి జువ్వలదిన్నె వైపు వెళ్లినా, ఒంగోలు నుంచి కొత్తపట్నం వైపు వెళ్లినా సర్కారు తుమ్మల మొదళ్లలో తెల్లటి ముక్కలు చిక్కుకుని కనిపిస్తాయి. వాటిలో కొన్ని చేపల్ని ఐసులో పెట్టి పంపిన పెట్టెలు. కొన్ని హేచరీల నుంచి రొయ్యపిల్లలు వచ్చిన పెట్టెలు. టీవీకో ఫ్రిజ్‌కో దెబ్బ తగలకుండా అడ్డుపెట్టిన అచ్చులు ఇంకొన్ని. పాత సామాన్లు కొనేవాడు ఇనుము తూస్తాడు, అట్టపెట్టెలు తూస్తాడు, పగిలిన ప్లాస్టిక్ బకెట్టుకు కూడా ఎంతో కొంత ఇస్తాడు. థర్మాకోల్‌ను ఊరికే ఇస్తామన్నా బండెక్కించుకోడు.

అతని లెక్క తప్పేం కాదు. పాలిస్టైరీన్ అనే ప్లాస్టిక్‌ను నురగలా ఉబ్బించి చేసిన సరుకు థర్మాకోల్. ఘనపరిమాణంలో దాదాపు 98 శాతం గాలి, మిగిలిన 2 శాతమే ప్లాస్టిక్. ప్యాకింగ్ రకం ఘనపు మీటరుకు 15 కిలోలు తూగుతుందనుకుంటే టన్ను సరుకుకు 67 ఘనపు మీటర్ల చోటు కావాలి. ఇరవై అడుగుల కంటైనర్‌ను అంచుదాకా కుక్కినా అరటన్నే పడుతుంది. ముప్పావు టన్ను మోసే టాటా ఏస్‌లో తాళ్లు కట్టి ఎత్తుగా పేర్చినా 80, 90 కిలోలు దాటడం కష్టం. డీజిలు ఖర్చుకు ఆ తేడా తెలియదు. నెల్లూరు నుంచి చెన్నైకి సుమారు 175 కిలోమీటర్లు. అక్కడ కొనేవాళ్లున్నా, అంత దూరం గాలిని మోసుకెళ్లిన బాడుగ సరుకు విలువను మింగేస్తుంది.

థర్మాకోల్‌ను కాంక్రీటులో కలిపే ఆలోచనకు అసలు బలం ఈ లెక్కలోనే ఉంది. దూరం పోలేని సరుకు కాబట్టి పుట్టినచోటుకు పాతిక, ముప్పై కిలోమీటర్లలోనే దానికి పని దొరకాలి. ఆ దూరంలో ప్లాస్టిక్ కర్మాగారం ఉండకపోవచ్చు గానీ, సిమెంటు దిమ్మెలు పోసే యార్డు తప్పకుండా ఉంటుంది. కొత్తగా లేచే ఇల్లూ ఉంటుంది.

చట్టం ఈ సమస్యలో సగాన్నే పట్టించుకుంది. కేంద్రం 2021 ఆగస్టులో ప్లాస్టిక్ వ్యర్థాల నిబంధనల్ని సవరించి, 2022 జులై 1 నుంచి ఒకసారి వాడి పారేసే కొన్ని ప్లాస్టిక్ వస్తువుల్ని నిషేధించింది. అలంకరణకు వాడే థర్మాకోల్ ఆ జాబితాలో ఉంది. అంటే పెళ్లి మండపం వెనక వధూవరుల పేర్లు చెక్కిన తెల్ల అక్షరాలు ఆ రోజు నుంచి నిషిద్ధ వస్తువులే. ఆ సంగతి ఎన్ని మండపాలకు తెలుసన్నది వేరే మాట. ప్యాకింగ్ థర్మాకోల్ మాత్రం నిషేధంలో లేదు. చేప చెడకుండా చేరాలంటే ప్రస్తుతానికి అంత చవకైన చల్లపెట్టె ఇంకోటి లేదు కూడా. కాబట్టి ఈ వ్యర్థం ఇంకా చాలాకాలం వస్తూనే ఉంటుంది.

కాంక్రీటులో పడ్డాక ఏమవుతుంది?

కొత్త ఊహేం కాదిది. ఆస్ట్రేలియాలో డి.జె. కుక్ 1973 నాటికే థర్మాకోల్ పూసల్ని తేలిక కంకరగా వాడి ఫలితాలు ప్రచురించారు. మన పొరుగునే ఐఐటీ మద్రాస్‌లో గణేశ్ బాబు, సారథి బాబు 2000 తర్వాతి తొలి సంవత్సరాల్లో ఇదే పని చేశారు. సిమెంటులో సిలికా ఫ్యూమ్ అనే అతి మెత్తటి పొడి కలిపి ఒకసారి, పెద్ద మోతాదులో ఫ్లైయాష్, అంటే థర్మల్ విద్యుత్ కేంద్రాల బొగ్గు బూడిద, కలిపి ఇంకోసారి పరీక్షించారు. వాళ్ల పరిశీలనల్లో రెండు ఇక్కడి యార్డులకు నేరుగా పనికొస్తాయి. ఒకే సాంద్రతకు పెద్ద పూసల కంటే చిన్న పూసలతో ఎక్కువ బలం వస్తుంది. రెండోది, ఒత్తిడి మితిమీరినప్పుడు ఈ కాంక్రీటు మామూలు కాంక్రీటులా ఫట్‌మని పగలదు, మెల్లగా అణుగుతూ దెబ్బతింటుంది.

బలం సంగతి దాపరికం లేకుండా మాట్లాడుకోవాలి. కంకర రాయి బరువు మోస్తుంది, థర్మాకోల్ పూస మోయదు. బలం లెక్కలో పూస అంటే కాంక్రీటులో ఉన్న బొక్కే. మామూలు కాంక్రీటులో ఒక శాతం గాలి ఎక్కువైతేనే బలం సుమారు 5 శాతం పడిపోతుందని ఇంజనీర్లు ఉజ్జాయింపుగా చెబుతారు. అలాంటిది సగానికి పైగా గాలిని నింపితే ఎంత పడిపోతుందో ఊహించవచ్చు. ఘనపు మీటరుకు 2400 కిలోలు తూగే మామూలు కాంక్రీటుతో పోల్చితే, థర్మాకోల్ కలిపి 1800 కిలోలకు దింపిన కాంక్రీటు ఇంకా 15 మెగాపాస్కల్స్ (ఎంత ఒత్తిడిని తట్టుకోగలదో చెప్పే కొలత) దరిదాపుల బలం చూపగలదు. 1000 కిలోలకు దిగితే అది 3 నుంచి 6. 600కు దిగితే ఒకటీ రెండూ. ఇవి జాగ్రత్తగా చేసిన మిశ్రమానికి వచ్చే అంకెలు. మట్టి ఇటుకల ప్రమాణంలో అట్టడుగు తరగతి 3.5 మెగాపాస్కల్స్ అని గుర్తుంచుకుంటే, వెయ్యి కిలోల రకం ఎక్కడ నిలబడుతుందో అర్థమవుతుంది.

ఈ అంకెల్ని బట్టి పిల్లర్లు, బీములు, స్లాబుల జోలికి థర్మాకోల్ పోకూడదు. "కాంక్రీటులో పది శాతం కలిపితే ఏం కాదులెండి" అనే మేస్త్రీ ఎదురైతే వద్దని చెప్పడానికి మొహమాటపడనక్కర్లేదు. బరువు మోయని చోట్లే దీని చోట్లు.

సంకెన్ స్లాబూ, అడ్డుగోడా

వాటిలో అందరూ మరిచిపోయేది బాత్‌రూమ్ నేల. పైపులు పోవడానికి అక్కడ స్లాబును తొమ్మిది, పది అంగుళాలు దింపి పోస్తారు. సంకెన్ స్లాబు అనేది దీన్నే. ఆ గుంటను ఇటుక ముక్కలతో, కూల్చిన రద్దుతో నింపేసి పైన టైల్స్ వేస్తారు. ఐదడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవున్న బాత్‌రూమ్‌లో ఆ గుంట దాదాపు 0.9 ఘనపు మీటరు. రద్దుతో నింపితే టన్నున్నర బరువు. ఘనపు మీటరుకు 800 కిలోలుండే థర్మాకోల్ మిశ్రమంతో నింపితే 720 కిలోలు. మూడంతస్తుల ఇంట్లో రెండేసి బాత్‌రూమ్‌లున్నాయనుకుంటే పిల్లర్ల మీద నాలుగున్నర టన్నులకు పైగా బరువు తగ్గినట్టు. పైగా రద్దులో సందులుంటాయి, టైల్స్ కింద నీరు జారితే అందులో నిలిచి కింది గది సీలింగుకు చెమ్మ తెస్తుంది. సరిగ్గా కుదిరిన థర్మాకోల్ మిశ్రమంలో అలాంటి సందులుండవు. వాటర్‌ప్రూఫింగ్ మాత్రం దాని కిందే, స్లాబు మీద, ముందుగానే పడాలి.

రెండో చోటు గదుల మధ్య అడ్డుగోడలు. 16 అంగుళాల పొడవు, 8 అంగుళాల మందం, 8 అంగుళాల ఎత్తుండే గట్టి సిమెంటు దిమ్మె 35 కిలోల వరకూ తూగుతుంది. అదే దిమ్మె 900 కిలోల సాంద్రతతో పోస్తే 15 కిలోల దగ్గరే. రెండో అంతస్తుకు మోసే కూలీ నడుముకు ఆ తేడా తెలుస్తుంది. భూకంపం లెక్కలోనూ తేలిక గోడ మేలు. ఒంగోలు దగ్గర 1967 మార్చి 27న 5.4 తీవ్రతతో భూమి కంపించిన చరిత్ర ఉంది. బిల్డింగ్ మీద భూకంపం చూపే బలం బిల్డింగ్ బరువును బట్టే ఉంటుంది కాబట్టి, గోడల్లో తగ్గిన ప్రతి టన్నూ పిల్లర్లకు ఊరటే. అయితే ఈ గోడకు మేకు కొడితే నిలవదు. టీవీ స్టాండు, గీజరు, కిచెన్ కబోర్డులు బిగించే చోట పొడవాటి యాంకర్లు వాడాలి, లేదా ఆ రెండు వరసలు మామూలు దిమ్మెలతో కట్టాలి. కరెంటు పైపుకు గాడి కొట్టడం మాత్రం చాలా సులువు.

కప్పు మీద వేడి

అసలు విలువ మూడో చోట ఉంది. కత్తెర ఎండల్లో నెల్లూరు, ఒంగోలు 42 డిగ్రీలు దాటడం వింత కాదు. పడమటి గాలి బలంగా ఉన్నరోజు సముద్రపు గాలి ఊళ్లోకి రావడానికి సాయంత్రమవుతుంది. అప్పటిదాకా ఎండ పడేది కప్పు మీదే. ఐదంగుళాల మామూలు స్లాబు, పైన ఏ పొరా లేకపోతే, లోపలికీ బయటికీ ఒక డిగ్రీ తేడాకు చదరపు మీటరుకు సుమారు 3.4 వాట్ల వేడిని లోపలికి వదులుతుంది. దీన్నే యూ-విలువ అంటారు. కేంద్ర విద్యుత్ శాఖ 2018 డిసెంబరులో తెచ్చిన ఎకో నివాస్ సంహిత, కప్పుకు ఈ విలువ 1.2 దాటకూడదంటుంది. అంటే మనవాళ్లు వేసుకునే ఉత్త స్లాబు ఉండాల్సిన దానికి మూడింతల వేడిని దించుతోంది.

మిట్టమధ్యాహ్నం గాలి వేడికి ఎండ కూడా తోడైతే స్లాబు పైభాగం 60 డిగ్రీల వాతావరణంలో ఉన్నట్టే లెక్క. లోపల 32 ఉందనుకుందాం. పదీ పన్నెండు అడుగుల గదిలోకి ఉత్త స్లాబు గుండా స్థూలంగా వెయ్యి వాట్ల పైచిలుకు వేడి దిగుతుంది. సీలింగుకు గీజరు రాడ్డు తగిలించి వదిలేసినట్టన్నమాట. యూ-విలువను 1.2కు తెస్తే అది 370 వాట్లకు తగ్గుతుంది. ఏసీ ఉన్నవాళ్లకు ఇది కరెంటు బిల్లు. లేనివాళ్లకు రాత్రి పదకొండు దాకా డాబా మీద పడుకోవాలా, లోపలికి పోవచ్చా అన్న ప్రశ్న. షియర్ వాల్ పద్ధతిలో గోడలు సైతం కాంక్రీటుతోనే పోసిన టిడ్కో ఇళ్లలో పై అంతస్తు వాళ్లకు ఈ ప్రశ్న మరీ సూటిగా తగులుతుంది.

థర్మాకోల్ కాంక్రీటు ఇక్కడ ఎంత చేయగలదు? ఘనపు మీటరుకు 700 కిలోలుండే మిశ్రమానికి ఉష్ణవాహకత, అంటే వేడిని ఎంత తేలిగ్గా పోనిస్తుందో చెప్పే అంకె, దాదాపు 0.2. స్లాబు కాంక్రీటుకు అది 1.6 దగ్గర. ఈ లెక్కన 1.2 యూ-విలువ రావాలంటే స్లాబు మీద 11 సెంటీమీటర్ల పొర పడాలి. బరువు చదరపు మీటరుకు 77 కిలోలు. పాతకాలం డాబాల మీద సున్నం, ఇటుక ముక్కలతో కొట్టిన పొర బరువులో దాదాపు సగమిది. మరీ తేలిక మిశ్రమం, అంటే 500 కిలోల దగ్గరిది, చేయగలిగితే 8 సెంటీమీటర్లు చాలు. అంత తేలికైనది పైన నడిస్తే పొడి రాలుతుంది కాబట్టి మీద గట్టి సిమెంటు పూతో టైల్సో తప్పనిసరి.

ఇక్కడ ఎదురయ్యే ప్రశ్నలు

వేడి ఆపడమే లక్ష్యమైతే ఉత్త థర్మాకోల్ షీటు వేసేస్తే పోలేదా? అంకెల్లో చూస్తే షీటుదే గెలుపు. దాని ఉష్ణవాహకత 0.036 దగ్గర ఉంటుంది. 4 సెంటీమీటర్ల షీటు, 11 సెంటీమీటర్ల థర్మాకోల్ కాంక్రీటును మించిన పని చేస్తుంది. కానీ కప్పుకు వాడాల్సింది ఇన్సులేషన్ కోసం తయారైన కొత్త షీటు. దానికి ఐఎస్ 4671 అనే భారతీయ ప్రమాణం ఉంది. చేపల పెట్టె పలకల్ని పేర్చితే అతుకులన్నీ సందులే. ఆ సందుల్లో నీరు చేరుతుంది, ఎలుకలు, చీమలు కాపురం పెడతాయి, పైన పోసిన పొర పగుళ్లిస్తుంది. వంకర టింకర వ్యర్థాన్ని ఏకాండీ పొరగా మార్చగలగడమే కాంక్రీటు చేసే ఉపకారం. వేడి ఆపడంలో కొంత వదులుకుని దాన్ని కొనుక్కుంటున్నాం.

మరి గాలే కావాలంటే నురగ చాలదా? ఇది ఇంకా గట్టి ప్రశ్న. సబ్బునురగ లాంటిది కలిపి పోసే ఫోమ్ కాంక్రీటు దిమ్మెలకు ఐఎస్ 2185 నాలుగో భాగం ప్రమాణంగా ఉంది. కర్మాగారాల్లో అధిక ఆవిరి పీడనంలో ఉడికించి చేసే ఏఏసీ దిమ్మెలు మార్కెట్లో దొరుకుతున్నాయి. వాటిలో ప్లాస్టిక్ లేదు, వేడిని ఆపే గుణం ఇంచుమించు ఇంతే. ఏఏసీ దిమ్మె చవగ్గా చేరే ఊళ్లో గోడకు థర్మాకోల్ దిమ్మె పోటీ ఇవ్వడం కష్టమే. ఆ మాట దాచి ఈ పరిశ్రమను పొగడటం వల్ల యార్డు పెట్టినవాడే నష్టపోతాడు. థర్మాకోల్‌కున్న అనుకూలం రెండు చోట్ల కనిపిస్తుంది. ఏఏసీకి బాయిలరు, ఆటోక్లేవు, కోట్ల పెట్టుబడి కావాలి, దీనికి మిక్సరు, పెట్టెల్ని తురిమే యంత్రం ఉంటే సరిపోతుంది. ఫోమ్ కాంక్రీటులో బుడగలు గట్టిపడేలోగా చితికితే పోసిన ఎత్తు కిందికి దిగిపోతుంది, గట్టిపడ్డాక నీరు బాగా పీలుస్తుంది. థర్మాకోల్ పూస చితకదు, దానిలోని గాలి గదుల్లోకి నీరు దాదాపుగా పోదు. కప్పు మీద పొరగా, సంకెన్ స్లాబులో నింపుడుగా పోయడానికి అందుకే ఇది నప్పుతుంది.

కప్పు మీద ఖర్చు పెట్టాలనుకునేవాళ్లు ముందు తెల్ల సున్నమో, ఎండను తిప్పికొట్టే తెల్ల పెయింటో వేయాలి. రూపాయికి వచ్చే చల్లదనంలో దాన్ని కొట్టేది లేదు. దుమ్ము, పాచి పట్టి రెండేళ్లకోసారి మళ్లీ వేయాల్సి రావడం దాని లోపం. థర్మాకోల్ పొర ఆ తర్వాతి మెట్టు, ఇల్లు కట్టేటప్పుడే వేసుకుంటే మంచిది.

చేతిలోకి తీసుకున్నాక

తయారీలో మొదటి తంటా, పూసలు మాట వినవు. వాటికి నీళ్లంటే పడదు. పొడి మిక్సరులో వేస్తే స్థిర విద్యుత్తుకు డ్రమ్ము గోడలకు అంటుకుంటాయి, నీళ్లు పోస్తే పైకి తేలి కూర్చుంటాయి. అందుకే వరస మార్చాలి. తురిమిన థర్మాకోల్‌ను ముందు కొద్ది నీళ్లతో తడిపి, సిమెంటు పాలలో దొర్లించి, ప్రతి పూసకూ బూడిదరంగు పూత పట్టాక ఇసుక వేయాలి. ఫ్లైయాష్, సిలికా ఫ్యూమ్ లాంటి మెత్తటి పొడి ఉంటే ముద్ద జిగురుగా ఉండి పూసను పట్టి ఉంచుతుంది. పోసిన తర్వాత కాంక్రీటును కుదిపి సర్దే నీడిల్ వైబ్రేటర్ పెట్టారంటే పూసలన్నీ పైకొచ్చి కింద ఉత్త సిమెంటు మిగులుతుంది. చెక్కతో తట్టి సర్దడమే మేలు. ఇటుకల మిషన్‌లో గట్టిగా నొక్కి తీసే పద్ధతీ దీనికి పనికిరాదు. నొక్కినప్పుడు అణిగిన పూస, ఒత్తిడి తీయగానే తిరిగి ఉబ్బి దిమ్మెను చీలుస్తుంది. అచ్చుల్లో పోసి మర్నాడు విప్పుకోవాలి.

రెండో తంటా ఈ తీరానికే ప్రత్యేకం. చేపల పెట్టెలో ఉప్పు ఉంటుంది. ఉప్పులోని క్లోరైడు ఇనుముకు శత్రువు. కాంక్రీటు పనులకు ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం ఇనుము ఉండే కాంక్రీటులో క్లోరైడు ఘనపు మీటరుకు 0.6 కిలో దాటకూడదు, ఇనుము లేని ఉత్త కాంక్రీటులో 3 కిలోల దాకా పర్వాలేదు. కాబట్టి సముద్రపు చేపల పెట్టెల్ని మంచినీళ్లతో కడిగి ఆరబెట్టాకే తురమాలి, అప్పుడు కూడా ఇనుము లేని దిమ్మెలకే వాడాలి. కడగకుండా వాడితే నీచు వాసన అటుంచి, గోడకు తెల్లగా ఉప్పు పూస్తుంది. సముద్రం పక్క ఊళ్లలో గోడలకు ఉప్పు పట్టే బాధ ఎలాగూ ఉంది, దాన్ని కొనితెచ్చుకోవడం దేనికి? కప్పు మీది పొర స్లాబు ఇనుముకు ఆనుకునే ఉంటుంది కాబట్టి అక్కడికి షోరూముల నుంచి వచ్చే శుభ్రమైన సరుకును కేటాయించడం తెలివైన పని.

అన్నిటికంటే తేలిగ్గా జరిగే పొరపాటు ఇంకోటుంది. థర్మాకోల్ ముక్క మీద కాస్త పెట్రోలు పోస్తే కళ్లముందే కరిగి జిగురుగా మారిపోతుంది. థిన్నరు, టోలీన్ కలిసిన వాటర్‌ప్రూఫ్ ప్రైమర్లు అదే పని చేస్తాయి. పైపొరలో బయటికి కనిపించే పూసల్ని అవి తినేస్తే అక్కడ గుంటలు మిగులుతాయి. గ్యాస్ మంటతో తారు షీట్లు అతికించే పద్ధతికీ ఇదే అడ్డంకి. వంద డిగ్రీల దగ్గర థర్మాకోల్ మెత్తబడి కుంచించుకుపోతుంది. ఎండకు ఆ ప్రమాదం లేదు, మంటకు ఉంది. నీటితో కలిపే రకం వాటర్‌ప్రూఫింగే వాడాలి, అదీ పైన సిమెంటు పూత ఆరాకే. అగ్నిప్రమాదం విషయంలోనూ జాగ్రత్త ఇదే దారిలో ఉంటుంది. సిమెంటు చుట్టుకున్న పూస షీటులా మండదు. కానీ పూసలు బయటికి తేలిన దిమ్మెను ప్లాస్టరింగ్ లేకుండా వదిలేయకూడదు.

ప్లాస్టరింగ్‌కు తొందరపడకూడదు కూడా. మెత్తటి పూసలు సిమెంటు ముద్ద ముడుచుకోకుండా ఆపలేవు. రాతి కంకరైతే ఆపుతుంది. ఆరేకొద్దీ ఈ దిమ్మె మామూలు దిమ్మె కంటే ఎక్కువ ముడుచుకుంటుంది. పోసి వారం తిరక్కుండా గోడ కట్టి, ఆ పైవారం పూత పూస్తే సన్నటి పగుళ్లు తప్పవు. నెల రోజులు ఆగిన దిమ్మెతో కట్టడం, పూతలో ఫైబర్ కలపడం, పిల్లరుకూ గోడకూ మధ్య జాలీ కొట్టడం తెలిసిన మేస్త్రీలు చేసే పనులే.

తురిమే చోటు గురించి ఒక మాట. 2017 ఏప్రిల్‌లో తమిళనాడు మంత్రి సెల్లూరు రాజు వైగై డ్యామ్ నీరు ఆవిరి కాకుండా థర్మాకోల్ షీట్లు పరిపిస్తే, గాలి వాటిని చూస్తుండగానే ఒడ్డుకు నెట్టేసింది. దేశమంతా నవ్వుకుంది. తీరం వెంట తెరుచుకున్న రేకుల షెడ్డులో థర్మాకోల్ తురిమితే జరిగేదీ అదే, కాకపోతే నవ్వొచ్చే పరిమాణంలో ఉండదు. పెట్టెగా ఉన్నప్పుడు చేత్తో ఏరివేయగలిగిన ప్లాస్టిక్, పూసలుగా విడిపోయాక కాలువలోకి, ఉప్పుటేరులోకి, చేప కడుపులోకి పోతుంది. నెల్లూరు తీరానికి గుడ్లు పెట్టడానికొచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్లకూ అది మేతలా కనిపిస్తుంది. సన్న వల బిగించిన మూసిన గది, తురిమింది నేరుగా సంచుల్లో పడే ఏర్పాటు లేని యార్డు చెత్తను తగ్గించదు, సన్నగా చేసి పంచిపెడుతుంది.

చేరువలోనే ఉన్న సరుకులు

నెల్లూరు, ప్రకాశం జిల్లాలకు కలిసొచ్చేది మిగతా ముడిసరుకు. ముత్తుకూరు మండలం నేలటూరులోని దామోదరం సంజీవయ్య థర్మల్ విద్యుత్ కేంద్రం నుంచి, ఆ చుట్టుపక్కల ప్రైవేటు విద్యుత్ కేంద్రాల నుంచి ఫ్లైయాష్ వస్తుంది. ప్రకాశం జిల్లా చీమకుర్తిలో గెలాక్సీ గ్రానైట్ కోసే, పాలిష్ పట్టే చోట రాతి పొడి బురద గుట్టలుగా పడి ఉంటుంది. ఆరబెట్టి జల్లించిన ఆ పొడిని ఇసుకలో కొంత భాగానికి బదులు వాడవచ్చు. దాని మెత్తదనమే పూసను పట్టి ఉంచే జిగురు ముద్దకు కావాల్సింది. నీళ్లు ఎక్కువ అడుగుతుంది కాబట్టి మోతాదు మితిమీరకూడదు. పెన్న ఇసుక మీద భారం కూడా ఆ మేరకు తగ్గుతుంది. ఒకరి చెత్త మరొకరి చెత్తను పట్టి ఉంచడం ఈ మిశ్రమంలో నచ్చే విషయం.

ఎంత చెత్త పోతుంది?

ఉత్సాహం కాస్త తగ్గేది ఇక్కడే. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద 11 సెంటీమీటర్ల పొర అంటే సుమారు 10 ఘనపు మీటర్లు. ఘనపు మీటరు మిశ్రమంలో ఇమిడే థర్మాకోల్ 9 కిలోల దగ్గరే. మొత్తం మీద 90 కిలోలు. పెట్టె అరకిలో అనుకుంటే 180 పెట్టెలు. టన్ను థర్మాకోల్ వదిలించుకోవాలంటే పదకొండు డాబాలు కావాలి. బరువు లెక్కలో ఇది చిన్న అంకె. కానీ డంపింగ్ యార్డు నిండేది బరువుతో కాదు, చోటుతో. ఆ 180 పెట్టెలు యార్డులో తీసుకునే చోటు చూస్తే మున్సిపాలిటీకి ఇది చిన్న విషయం కాదు.

మరోవైపు అదే పొరకు ఘనపు మీటరుకు 300 కిలోల చొప్పున మూడు టన్నుల సిమెంటు పట్టాలి. అంటే 60 బస్తాలు. టన్ను మామూలు సిమెంటు తయారీలో 0.8 నుంచి 0.9 టన్నుల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. 90 కిలోల ప్లాస్టిక్‌ను దాచడానికి రెండున్నర టన్నుల కార్బన్ డయాక్సైడ్ వదలడం ఏ పర్యావరణమో ఆలోచించాలి. సగం సిమెంటు స్థానంలో ఫ్లైయాష్ వేస్తే బస్తాలు 30కి, ఆ పొగ 1.3 టన్నులకు తగ్గుతుంది. అప్పుడు కూడా ఆ పొర ఇంటికి ఎలాగూ అవసరమైనప్పుడే ఈ లెక్క సరిపోతుంది. చెత్త వదిలించుకోవడం కోసమే కాంక్రీటు పోయడం మాత్రం ఖరీదైన ఆట. ఫుట్‌పాత్‌లు, పార్కు బెంచీలు, ప్రహరీ గోడలకు థర్మాకోల్ కలిపి ఫొటోలు దిగే పథకాల్ని ఈ కొలబద్దతోనే చూడాలి. ప్రహరీ గోడకు వేడి ఆపే పని లేదు, బరువు తగ్గినందువల్ల లాభమూ లేదు.

పైగా శుభ్రమైన తెల్ల థర్మాకోల్‌కు ఇంకో మంచి దారి ఉంది. వేడితోనో ఒత్తిడితోనో దాన్ని గట్టి దిమ్మెలుగా కుదించే యంత్రాలున్నాయి. చోటు పదుల రెట్లు తగ్గిపోతుంది, అప్పుడు లారీ బాడుగ గిట్టుబాటవుతుంది. ఆ దిమ్మెల నుంచి ఫొటో ఫ్రేములు, సీలింగు అంచుల పట్టీలు చేస్తారు. ప్లాస్టిక్ ప్లాస్టిక్‌గానే మళ్లీ వాడుకలోకి రావడం కాంక్రీటులో కప్పెట్టడం కంటే మెరుగు. నెల్లూరులోనో ఒంగోలులోనో అలాంటి యంత్రం ఒకటి నడిస్తే షోరూముల సరుకు ముందు అటే పోవాలి. కాంక్రీటుకు మిగలాల్సింది అక్కడ చెల్లని సరుకు. అంటే ముక్కలైనది, రంగు మారినది, కడిగినా మరకలు పోనిది.

కొనేవాడు చూసుకోవాల్సినవి పెద్దగా లేవు. దిమ్మెను రంపంతో నిలువునా కోయించి చూస్తే పూసలు కిందా పైనా సమంగా ఉన్నాయో, పైకే చేరాయో తెలిసిపోతుంది. ఆరిన దిమ్మెను తూస్తే సాంద్రత తేలుతుంది. తేలిక కంకర దిమ్మెలకు ఐఎస్ 2185 రెండో భాగం ఉంది, దాని ప్రకారం పరీక్ష చేయించిన కాగితం అడగాలి. తక్కువ బరువు చూపించి ఎక్కువ బలం ఉందనే యార్డును నమ్మకూడదు. ఈ రెండూ ఒక దిమ్మెలో కుదరవు. కర్మాగారంలో చేసిన సరుకు కావాలనుకుంటే మధ్యప్రదేశ్‌లో నమూనా ఉంది. కొత్త నిర్మాణ పద్ధతుల్ని చూపడానికి కేంద్రం చేపట్టిన, ఇండోర్‌లో 2021 జనవరిలో శంకుస్థాపన జరిగిన లైట్ హౌస్ ప్రాజెక్టు అనే ఇళ్ల పథకంలో, రెండు సిమెంటు బోర్డుల మధ్య థర్మాకోల్ పూసల మోర్టారు నింపిన ప్యానెళ్లతో 1,024 ఇళ్లకు గోడలు కట్టారు.

చివరగా మిగిలేది కూల్చివేత. ఇంటికి నలభై, యాభై ఏళ్ల ఆయుష్షనుకుంటే, ఈ గోడల్ని జేసీబీ కొట్టినరోజు పూసలన్నీ మళ్లీ బయటికొస్తాయి. ఈసారి సిమెంటు ముక్కలతో కలిసి, విడదీయడానికి వీల్లేని రూపంలో. ఆ రద్దును పొడి చేసి మళ్లీ ఇలాంటి మిశ్రమంలోనే వాడవచ్చు గానీ చెరువు కట్టలకు, పొలం దారులకు పోయకూడదు. ఇంటి గోడలన్నిటా దీన్ని పరచడం కంటే కప్పు మీద, స్లాబుకు అతుక్కోకుండా మధ్యన పలుచటి షీటు వేసి, ఒక్క పొరగా ఉంచడం ఇందుకే నయం. కూల్చేరోజు ముందు ఆ పొరను పెళ్లలుగా లేపి పక్కన పెట్టుకోవచ్చు. ఇంటి ప్లానులో ఆ పొర ఎక్కడుందో, అందులో ఏముందో రాసి ఉంచడానికి ఇంజనీరుకు పట్టేది ఒక్క వాక్యం.